సంక్రాంతి సంబరాలు: ఆటిజం ఉన్నవాళ్ళకు ముందుగా ఏం చెప్పాలి?

కావలి కమిటీ:
భోగి నాడు సాయంత్రం 4 నుంచి 8 దాకా కావలిలో సంబరాలు. గంగిరెద్దు, డప్పులు, కోలాటం, పిల్లలకు భోగిపళ్ళు, చివర్లో టపాసులు. కరపత్రంలో "ఆటిజం ఉన్నవారికి ప్రత్యేక ఏర్పాట్లు కలవు" అని ఒక లైను వేస్తే చాలా?

రేగిచెట్టు:
ఆ లైను వేయబాకండన్నా. ఏర్పాటు ఏందో చెప్పకుండా జనం ఇంట్లోంచి ఎట్టా బయల్దేరతారు? కార్యక్రమం పేరు కాదు, అక్కడ జరిగేది రాయండి. భోగిపళ్ళకు ఇట్టా:

"5.15కి మొదలు, 20 నిమిషాలు. పిల్లల్ని కుర్చీలో కూర్చోబెట్టి రేగిపళ్ళు, చిల్లర, బంతిపూల రెక్కలు తలమీద పోస్తారు. మెడమీద, చొక్కాలోకి పడొచ్చు. కింద పడినవి ఏరుకోవడానికి పిల్లలు ఎగబడతారు. తలమీద వద్దంటే చేతిలో పెడతారు."

డప్పులకు, టపాసులకు కూడా మొదలు, ముగింపు, కుర్చీలకు ఎంత దూరమో రాయండి. గంగిరెద్దు జనం మధ్యకు వస్తుందో రాదో చెప్పండి. "ముఖ్య అతిథి రాగానే" అనేది టైము కాదు. గ్యారంటీ లేకపోతే "6.00, 6.30 మధ్య" అనండి, అదే నయం.

మైక్‌సెట్:
శబ్దం, జనం ఎక్కువైనప్పుడు వెళ్ళి కూర్చునే విశ్రాంతి గది ఉందని రాసేముందు ఒకసారి అందులో పది నిమిషాలు కూర్చోండి. జెనరేటరు వెనకే గది ఇచ్చేస్తుంటారు, ఖాళీగా ఉండేది అదే కాబట్టి. వంట షెడ్డు పక్కన తాలింపు ఘాటు. మినుకుమినుకుమనే ట్యూబులైటు, కిర్రుమనే ఫ్యాను ఉంటే ముందే మార్పించండి. తాళం ఎవరి జేబులోనో ఉంటే గది లేనట్టే, తలుపు తెరిచే ఉంచి ఒక వాలంటీరును నిలబెట్టండి. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) అడగొద్దు. మైక్ టెస్టింగ్ 3.30కల్లా అయిపోవాలి, లేకపోతే ముందుగా వచ్చినవాళ్ళకే మొదటి దెబ్బ.

గది కోసం మునిసిపాలిటీ దగ్గరకు వెళితే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షను చూపండి. సాంస్కృతిక, వినోద కార్యక్రమాల్లో వీళ్ళకూ సమానంగా చోటు కల్పించే బాధ్యత స్థానిక సంస్థలకూ ఉంది. ఆ చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి.

పెన్నాతీరం:
రెండు చేర్పులు. పోస్టరు బొమ్మ ఒక్కటే పంపితే ఫోనులో అక్షరాలు కనపడవు. విషయం మామూలు మెసేజీగా పెట్టి, గేటు, కుర్చీలు, స్టేజీ, బాత్రూము, గది తలుపు ఫొటోలు విడిగా పంపండి. నడిచే వరుసలోనే తీయండి. మెసేజీ మొదట్లో తేదీ, టైము వేయకపోతే పాతది ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది.

ఇంకోటి, "మీ పిల్లవాడు" అని మొదలెట్టొద్దు. చదివేది ముప్పై ఏళ్ళ ఆటిజం ఉన్న మనిషే కావచ్చు. ఫోన్లో మాట్లాడటం కష్టమైనవాళ్ళుంటారు, నంబరు పక్కన "వాట్సాప్‌లో రాసి అడగవచ్చు" అని వేయండి.

కావలి కమిటీ:
మంచిదండీ. టపాసులు 7.40కి అనుకున్నాం. 7.30కి మైకులో చెప్పిస్తాం.

రేగిచెట్టు:
చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళకు మైకు వినపడదు గదా. గేటు దగ్గర బోర్డు మీద రాయించండి, గదిలోకి వాలంటీరును పంపండి. చెప్పిన టైముకన్నా ముందు మాత్రం ఒక్క టపాసు కూడా పేల్చనీబాకండి.