తల్లి గొంతుతో రాసిన కవితలో ‘వాడు’ ఉండొచ్చా?

పాపాఘ్ని (కడప): కవి సమ్మేళనంలో చదవబోయే కవిత. ట్రాన్స్ మహిళ (మగబిడ్డగా పెరిగి, తాను ఆడమనిషినని చెప్పుకున్న మనిషి) అయిన బిడ్డ పదేళ్లకు ఇల్లు చేరితే తల్లి అనుకునే మాటలు. కీలకమైన పాదాలు ఇవి:

యాడికి పోతాండావురా అని అరిచిన వాకిట్లోనే
తలుపు తీసి నిలబడితి.
మాత్రలకు గొంతు సన్నబడింది వానికి.
తినిపోదువు రా అమ్మీ, అంటి.

‘వాడు’ ఉంచాలా, తీసేయాలా?

చిత్రావతి (అనంతపురం): తీసేయండి. తెలుగులో దానికి దారి ఉంది. పోతాండావు, తిన్నావు, వచ్చినావు: వీటిలో ఆడ మగ తేడా లేదు. వచ్చినాడు, వచ్చింది అన్నప్పుడే పట్టిస్తుంది. కాబట్టి కవితంతా బిడ్డతో నేరుగా మాట్లాడించండి. ఒక్క జాగ్రత్త: ‘ఒంటరివాడివి’ లాంటి మాట దూరితే మళ్లీ మొదటికొస్తుంది. ‘ఒంటరిగా ఉండావు’ అనండి.

హంద్రీ (కర్నూలు): ఉంచాల. వ్యాకరణం చాటున దాక్కుంటే తల్లి మారిన చోటే కనబడదు. మొదటి పాదంలో ‘రా’ మగబిడ్డను పిలిచే రా. చివరి పాదంలో అదే అక్షరం ఇంట్లోకి రమ్మనే రా. ఈ నాలుగు పాదాల బలమంతా ఆడనే ఉంది. నడిమధ్య ‘వాడు’ లేకపోతే ఆ తిరుగుడుకు అర్థమేముంది?

బురుజునీడ: మీ వాదన సరే, మూడో పాదమే తప్పు. టెస్టోస్టిరాన్‌తో, అంటే మగ హార్మోన్‌తో, ఒకసారి మందమైన స్వర తంతువులు ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌తో వెనక్కి రావు. చర్మం మెత్తబడుతుంది, మూడు నుంచి ఆరు నెలల్లో రొమ్ము మొదలై రెండు మూడేళ్లు పెరుగుతుంది. గడ్డం పలచబడొచ్చు గానీ పోదు, దానికి లేజరో, కరెంటుతో వెంట్రుకల కుదుళ్లు మాడ్చే ఎలక్ట్రాలిసిసో కావాల. గొంతు మారేది సాధనతో. మందుతో గొంతు మారేది టెస్టోస్టిరాన్ తీసుకునే ట్రాన్స్ పురుషులకు, వాళ్లకు మందమవుతుంది. కవులు రెండూ కలిపేస్తాండారు.

శేషాచలం: చదివినాను. బాగుంది.

చిత్రావతి: హంద్రీ అన్నా, 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసు తీర్పులో సుప్రీంకోర్టు, ఆపరేషన్‌తో పనిలేకుండా తన జెండర్ తానే చెప్పుకోవచ్చనింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మనం ‘వానికి’ అని రాస్తే ఎట్ల?

హంద్రీ: ఆ తల్లి తీర్పు చదివిన మనిషి కాదు తల్లీ. పోనీ ‘వాడు’ తీసి ‘అది’ పెడదామా? తెలుగు ఏకవచనంలో ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, రెండింటికీ ఒకే క్రియ. హిజ్రాలను వీధిలో తిట్టేదీ ‘అది’ అనే. ఏ మాట వాడినా గాయమే తగిలే చోట, అమ్మ నోట్లో మాటను కడిగి శుభ్రం చేయమంటే నేనొప్పుకోను.

చిత్రావతి: కడగమనలేదు! ఏ సభలో చూడండి, ఈ కవితల్లో ఏడ్చేది తల్లే, మారేది తల్లే, చప్పట్లూ తల్లికే. పదేళ్లు బయట బతికి వచ్చిన మనిషికి ఒక గొంతు, ఒక రొమ్ము, అంతే. నోరు లేదు. నా గొడవ ‘వాడు’తో కాదు, దీంతో.

హంద్రీ: ఆ మాట ముందే అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు. కానీ బిడ్డ కవిత బిడ్డ రాయాల. తల్లి కవిత తల్లిది.

బురుజునీడ: గొంతు పాదం ఇంకా మార్చలేదు.

పాపాఘ్ని: ‘వాడు’ పోయింది, ‘రా’ రెండూ ఉన్నాయి. మూడో పాదం ఇట్ల మార్చినాను:

గొంతు అదే. ‘అమ్మా, నీళ్లిస్తావా?’

చిత్రావతి: నోరొచ్చింది. ఇప్పుడు తను పెట్టుకున్న పేరు కూడా చెప్పనీయండి.