14 రోజుల్లో పర్యావరణ సమీక్ష: నెవాడా భూతాప విద్యుత్ కేంద్రాల నుంచి మనం ఏమి గ్రహించాలి?

వంశధార మాస్టారు (శ్రీకాకుళం)

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ప్రభుత్వ భూముల మీద తలపెట్టిన భూతాప విద్యుత్ కేంద్రాల (భూమి లోపలి వేడితో విద్యుత్తు తయారుచేసేవి) విషయం చర్చకు పెడుతున్నాను. 2025 ఏప్రిల్‌లో ఆ దేశపు కేంద్ర ప్రభుత్వ భూములను చూసే అంతర్గత వ్యవహారాల శాఖ ఒక అత్యవసర విధానాన్ని ప్రకటించింది. ప్రాథమిక పర్యావరణ మదింపు 14 రోజుల్లోనూ, పూర్తి ప్రభావ నివేదిక సుమారు 28 రోజుల్లోనూ ముగించాలన్నది దాని సారాంశం. మొదటిదానికి ఏడాది వరకు, రెండోదానికి రెండేళ్లు పట్టే పని అది. మరుసటి నెలలోనే నెవాడాలోని మూడు భూతాప ప్రాజెక్టులను ఈ విధానం కిందకు తెచ్చారు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2025 సెప్టెంబరులో జాతీయ భూతాప విద్యుత్ విధానాన్ని వెలువరించింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దేశంలో 381 వేడినీటి ఊటలను గుర్తించి, సుమారు 10,600 మెగావాట్ల అవకాశం ఉందని అంచనా వేసింది. ఇచ్ఛాపురం దాటితే వచ్చే గంజాం జిల్లాలోనే తప్తపాణి ఊట ఉంది. కాలుష్యం తక్కువన్న కారణంగా ఒక ప్రాజెక్టుకు సమీక్షను కుదించవచ్చా? కుదించకూడదన్నది నా అభిప్రాయం.

టెక్కలి ఇంజనీరు (ప్రస్తుతం పుణె)

మాస్టారూ, కుదించవలసిందేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. సౌర విద్యుత్తు సూర్యాస్తమయంతో ఆగిపోతుంది, పవన విద్యుత్తు గాలి పడిపోతే ఆగిపోతుంది, భూతాప కేంద్రం మాత్రం పగలూ రాత్రీ ఒకే తీరుగా నడుస్తుంది. అటువంటి కేంద్రానికి అమెరికా ప్రభుత్వ భూమిలో భూమి లీజు మొదలుకొని అన్వేషణ బావులు, ఉత్పత్తి బావులు, కేంద్ర నిర్మాణం, విద్యుత్ లైను వరకు ఒకే చోటికి ఆరు సార్ల దాకా సమీక్ష జరిగే అవకాశం ఉండేది. అదే ప్రభుత్వ భూమిలో చమురు బావి తవ్వేవారికి 2005 నాటి ఇంధన విధాన చట్టమే కొన్ని సందర్భాల్లో మినహాయింపు ఇచ్చింది. చమురుకు లేని అడ్డు భూమిలోని వేడికి ఎందుకుండాలి? ఈ ప్రశ్నకు ఎవరైనా సూటిగా జవాబు చెప్పండి.

బొబ్బిలి కోట

విజయనగరం జిల్లాలో ఇటువంటి ఊట ఉన్నట్టు నేను వినలేదు. అయినా చదువుతున్నాను, కొనసాగించండి.

వంశధార మాస్టారు

సూటిగానే చెబుతాను. చమురుకు ఇచ్చిన మినహాయింపు తప్పయితే దాన్ని రద్దు చేయమని అడగాలి గాని, ఆ తప్పును ఇంకొకరికి విస్తరించమని అడగకూడదు.

ఇక నెవాడాలోనే డిక్సీ మెడోస్ అనే చోట ఏమి జరిగిందో చూడండి. 60 మెగావాట్ల వరకు ఉత్పత్తి చేసే భూతాప కేంద్రానికి 2021 నవంబరులో అక్కడి భూ నిర్వహణ సంస్థ అనుమతి ఇచ్చింది. పూర్తి స్థాయి ప్రభావ నివేదిక తయారు చేయకుండా, ప్రాథమిక మదింపుతోనే చెప్పుకోదగ్గ ప్రభావం లేదని తేల్చింది. ఆ వేడినీటి ఊటల చుట్టూ ఉన్న చిత్తడి నేలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించని ఒక చిన్న గోదురుకప్ప జాతి అక్కడ బతుకుతోంది. ఆ ఊటలు ఫాలన్ పయూట్ షొషోని అనే ఆదివాసీ తెగకు పవిత్ర స్థలాలు కూడా. ఆ తెగ, ఒక పర్యావరణ సంస్థ కలిసి కోర్టుకు వెళ్లాయి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వమే ఆ కప్పను అంతరించిపోతున్న జాతుల జాబితాలో అత్యవసరంగా చేర్చింది, ఆ ఏడాది ఆగస్టులో నిర్మాణం ఆగింది. తొందరపాటు సమీక్ష ఆ కంపెనీకి కూడా మేలు చేయలేదని దీన్నిబట్టి తెలుస్తోంది.

టెక్కలి ఇంజనీరు

ఇక్కడే సాంకేతిక విషయం ఒకటి స్పష్టం చేయాలి. ఇప్పటి కేంద్రాల్లో చాలావరకు మూసిన వలయంలో పని చేస్తాయి. లోపలి నుంచి వచ్చిన వేడినీరు, తక్కువ ఉష్ణోగ్రత వద్దే మరిగే వేరొక ద్రవాన్ని పక్క గొట్టంలో మరిగిస్తుంది. ఆ ద్రవపు ఆవిరి టర్బైనును తిప్పుతుంది. చల్లబడిన నీటిని తిరిగి భూమిలోకే పంపుతారు. పొగ గొట్టం ఉండదు, బూడిద ఉండదు, తీసుకున్న నీరంతా తిరిగి లోపలికే వెళుతుంది. అలాంటప్పుడు ఊట ఎండిపోతుందన్న భయానికి ఆధారం ఏమిటి?

వంశధార మాస్టారు

నీరు తిరిగి వెళ్లడం ఒకటి, తీసిన చోటికే, అదే లోతుకు, అదే వేడితో వెళ్లడం మరొకటి. తీసే బావి ఒకచోట, పంపే బావి మరొకచోట ఉంటాయి. లోపలి పీడనం మారితే పైన ఊట ప్రవాహమూ దాని వేడీ మారతాయి. నెవాడాలోనే జెర్సీ వ్యాలీ అనే చోట, మీరు చెప్పిన పద్ధతిలోనే నడిచే కేంద్రం 2011లో మొదలైన తరువాత కొన్నేళ్లకే అక్కడి వేడినీటి ఊట ఎండిపోయింది. న్యూజిలాండ్‌లోని వైరాకేయి కేంద్రం 1958లో ప్రారంభమయ్యాక దగ్గరి లోయలోని ఉష్ణజలపు చిమ్ములు ఆగిపోయాయి, కొన్నిచోట్ల నేల పది మీటర్లకు పైగా కుంగింది. మన లడఖ్‌లోని పూగా లోయలో 2022 ఆగస్టులో ప్రయోగాత్మక తవ్వకం జరుగుతుండగా భూగర్భ ద్రవం పైకి వచ్చి వాగులో కలిసింది.

టెక్కలి ఇంజనీరు

వైరాకేయిలో ఆ రోజుల్లో నీటిని తిరిగి లోపలికి పంపనే లేదు, కాబట్టి ఆ ఉదాహరణ ఇక్కడ చెల్లదు. పూగాలో జరిగింది తవ్వకంలో ప్రమాదం, సమీక్ష ఎన్ని రోజులు చేసినా తవ్వేటప్పుడు జాగ్రత్త లేకపోతే ప్రమాదం జరుగుతుంది. మిగిలింది జెర్సీ వ్యాలీ ఒక్కటే. ఒక్క ఊటను చూపి మొత్తం పరిజ్ఞానాన్నే అనుమానిస్తారా?

మందస కొండలు

ఒక్కటైనా అది ఎండిపోయింది కదా, ఇంజనీరు గారూ. ఆ నీటిని తిరిగి తెప్పించగలరా?

టెక్కలి ఇంజనీరు

ఎండిపోవడానికి కేంద్రమే కారణమని చెప్పాలంటే, కేంద్రం రాకముందు నాటి కొలతలు కావాలి. అవి లేకుండా ఎవరి వాదనకైనా బలం ఉండదు.

బీల ఒడ్డు (సోంపేట)

నేను ఇంతవరకు మౌనంగా చదివాను. ముందు నాటి కొలతలు లేవన్న మాట వినగానే రాయకుండా ఉండలేకపోయాను.

మా బీల (నీరు నిలిచే చిత్తడి నేల) భూములను ప్రభుత్వ రికార్డుల్లో బంజరుగా చూపి, 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. ఆ బీల నీటితో మా పొలాలు పండుతున్నాయి, అందులో చేపలు పట్టుకొని ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. ఈ సంగతి రికార్డు రాసినవారు చూడలేదు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మా వాళ్ల ప్రాణాలు పోయాయి. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది కూడా ఆ రోజే. నేల ఎటువంటిదో ముందుగానే నిజాయితీగా చూసి ఉంటే ఆ తుపాకులు పేలేవి కావు. ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర (ఇదీ చిత్తడి నేలే) భూముల దగ్గర మళ్లీ కాల్పులు జరిగాయి. ఆ తంపరకు దగ్గరలోనే తేలినీలాపురం ఉంది, ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి పిల్లలను పొదిగే ఊరు.

నా సొంత సంగతి కూడా చెబుతాను. మా అత్తవారి ఊరి దగ్గర ఒక పరిశ్రమ వచ్చింది. ఏ వ్యర్థమూ బయటకు రాదని ఊరందరి ముందు మాట ఇచ్చారు. కొన్నేళ్లకు గెడ్డలో (వాగులో) నీరు రంగు మారింది, మా మామగారు పశువులను ఆ నీటికి తోలడం మానుకున్నారు. అడగడానికి వెళితే ముందు నీరు ఎలా ఉండేదో పరీక్షల కాగితం చూపించమన్నారు. రైతు దగ్గర అటువంటి కాగితం ఎందుకుంటుంది? ఇంజనీరు గారు ఇప్పుడు అడుగుతున్నదీ అదే కాగితం.

టెక్కలి ఇంజనీరు

మీ బాధను నేను తక్కువ చేయను. అయితే బొగ్గు కేంద్రాన్నీ భూతాప కేంద్రాన్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం. మీ పశువుల నీటిని పాడుచేసినది నేను చెప్పే కేంద్రం కాదు.

మీరు సొంత సంగతి చెప్పారు కాబట్టి నేనూ చెబుతాను. మా నాన్నగారు చెన్నైలో భవనాల పనికి వెళ్లారు. నా చిన్నతనంలో ఆయనను సంక్రాంతికి తప్ప చూడలేదు. నేను చదువుకొని పుణె వచ్చాను, మా తమ్ముడు గల్ఫ్‌కు వెళ్లాడు. మా వీధిలో ఇప్పుడు ముసలివాళ్లు మాత్రమే ఉన్నారు. మన జిల్లాలో ఏ ప్రతిపాదన వచ్చినా ముందు వద్దు అనే మాటే వినబడుతుంది. ఆ మాటకు ధర మా వంటి కుటుంబాలు చెల్లిస్తున్నాయి. ఈ ధర ఏ పర్యావరణ నివేదికలోనూ ఎందుకు రాయరు?

బీల ఒడ్డు (సోంపేట)

మేము వద్దన్నందువల్లే మీ నాన్నగారు వలస వెళ్లారని అంటున్నారా? బీల ఉండబట్టే మా ఊరి నుంచి వలస పోకుండా మిగిలిన కుటుంబాలు ఉన్నాయి. ఊరు విడిచి వెళ్లినవారు ఊళ్లో ఉన్నవారి నీటి గురించి తీర్పు చెప్పకూడదు.

టెక్కలి ఇంజనీరు

ఊరు విడిచి వెళ్లవలసి వచ్చినవారికి ఆ ఊరి మీద హక్కు పోతుందా? ఈ మాట నన్ను బాధించింది.

బొబ్బిలి కోట

ఇద్దరూ దయచేసి శాంతించండి. వలస గురించి మాట్లాడాలంటే మా జిల్లాలోనూ ప్రతి ఊరికీ చెప్పుకోవడానికి ఉంటుంది.

వంశధార మాస్టారు

బాబూ, ఊరి మీద నీ హక్కు పోదు. ఊళ్లో ఉన్నవారి హక్కు కూడా నీ హక్కుతో రద్దు కాదు. ఇప్పుడు నిన్ను ఒక్క ప్రశ్న అడుగుతాను, దయచేసి రోజుల లెక్క పక్కన పెట్టి జవాబు చెప్పు. సమీక్ష పూర్తిగా, నిజాయితీగా జరిగిన తరువాత ఈ చోట ఈ కేంద్రం పెట్టకూడదన్న నిర్ణయం వస్తే, దాన్ని నువ్వు అంగీకరిస్తావా?

టెక్కలి ఇంజనీరు

నిజం చెప్పాలంటే అంగీకరించడం కష్టం. ఎక్కడ ఎలా కడితే నష్టం తగ్గుతుందో చెప్పడానికే సమీక్ష ఉండాలని నా ఉద్దేశం. బావుల స్థానం మార్చండి, డిక్సీ మెడోస్ వంటి చోట సామర్థ్యం 60 నుంచి 12 మెగావాట్లకు తగ్గించండి, ఊటల ప్రవాహాన్ని నిరంతరం కొలవండి, తగ్గితే పంపింగ్ ఆపండి. అసలే వద్దనే అధికారం సమీక్షకు ఇస్తే, ప్రతి సమీక్షా చివరకు అక్కడికే చేరుతుందన్నది నా భయం.

వంశధార మాస్టారు

నా భయం దీనికి సరిగ్గా ఎదురుది. వద్దనే అధికారం లేని సమీక్ష ముందే తీసుకున్న నిర్ణయానికి కాగితాలు సమకూర్చే పనిగా మిగులుతుంది. 2006 సెప్టెంబరు 14 నాటి మన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. అసలు నివేదిక మాత్రం వందల పేజీల ఇంగ్లీషులోనే ఉంటుంది. ఆ సభకు ఇంతమంది రావాలన్న నియమం కూడా లేదు. ఆ 30 రోజులే మన రైతుకు చాలడం లేదు. ఇంకా కుదిస్తే అతనికి నివేదిక చదివించుకోవడానికి మనిషి దొరికే లోపలే గడువు ముగుస్తుంది.

రోజుల లెక్కకు శాస్త్రపరమైన కారణం కూడా ఉంది. ఊట ప్రవాహం వేసవిలో ఒకలా, తుపాన్ల కాలంలో ఒకలా ఉంటుంది. కనీసం ఏడాది పొడవునా కొలిస్తేనే అసలు స్థితి తెలుస్తుంది. 14 రోజుల్లో తయారయ్యే నివేదికలో కొత్త కొలతలు ఉండవు, పాత కాగితాలే ఉంటాయి. ముందు నాటి కొలతలు కావాలని అడిగినది నువ్వే.

టెక్కలి ఇంజనీరు

ఆ ఏడాది కొలతలు కంపెనీ దరఖాస్తు చేసిన తరువాత మొదలుపెట్టడం ఎందుకు? ఊట ఎక్కడుందో ప్రభుత్వానికి ముందే తెలుసు కదా. లీజు ప్రకటించకముందే ప్రభుత్వం తన ఖర్చుతో కొలిచి, ఆ లెక్కలను తెలుగులో పంచాయతీ కార్యాలయంలో పెట్టాలి. అప్పుడు దరఖాస్తు వచ్చాక జరిగే సమీక్ష చిన్నదైనా నష్టం ఉండదు.

వంశధార మాస్టారు

కొలతల విషయంలో నీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆ లెక్కలు చూసి గ్రామసభ వద్దని తీర్మానిస్తే దానికి కట్టుబడాలన్న షరతును మాత్రం వదులుకోను.

టెక్కలి ఇంజనీరు

ఆ షరతును నేను అంగీకరించలేను, మాస్టారూ. గ్రామసభ మాట వినాలి, నమోదు చేయాలి, జవాబు చెప్పాలి. ప్రభుత్వ భూమి మీద చివరి మాట మాత్రం ఒక్క ఊరిదే కాకూడదు.

బీల ఒడ్డు (సోంపేట)

మా బీల కూడా కాగితం మీద ప్రభుత్వ భూమే, ఇంజనీరు గారూ. కొలతల సంగతి మాత్రం మీరు సరిగా చెప్పారు. మా గెడ్డ నీటితోనే అది మొదలుపెట్టించండి, నమూనాలు తీసేటప్పుడు పక్కన నిలబడడానికి నేను వస్తాను.