‘హెచ్చించునట్లు’: 1 పేతురు 5:6లో ఉన్నది వాగ్దానమా?

ప్రశ్న (నరసాపురం): అయ్యా, మా వైపు క్యాలెండర్ల మీద, కొత్త ఇళ్ల గుమ్మాల మీద “దేవుడు తగిన సమయమందు మిమ్మును హెచ్చించును” అని వేయిస్తున్నారు. కువైట్ వీసా వచ్చినా, ప్రమోషన్ వచ్చినా ఇదే చదువుతారు. బైబిల్లో, పేతురు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం 6వ వచనం చూస్తే ‘హెచ్చించునట్లు’ అని ఉంది. తేడా ఏమైనా ఉందా అండీ?

జవాబు (అమలాపురం): తేడా అంతా అక్కడే ఉందండి. “...హెచ్చించునట్లు ఆయన బలిష్ఠమైన చేతిక్రింద దీనమనస్కులై యుండుడి.” వాక్యానికి ప్రధాన క్రియ ‘యుండుడి’, అదొక ఆజ్ఞ. ‘హెచ్చించునట్లు’ దాని ఉద్దేశం చెప్పే ముక్క. ‘అట్లు’ తీసేసి చివర ‘ను’ పెడితే ఆజ్ఞ ఎగిరిపోయి వాగ్దానం ఒక్కటే మిగులుతుంది.

ఇక ఆ ‘తగిన సమయం’ ఎప్పుడో పేతురు రెండు వచనాల ముందే, 5:4లో చెప్పాడు: ప్రధాన కాపరి ప్రత్యక్షమైనప్పుడు, అంటే క్రీస్తు తిరిగి వచ్చినప్పుడు. చదివేవాళ్లేమో 4:12 ప్రకారం అగ్నివంటి శ్రమలో ఉన్నారు. ప్రమోషన్ ఊసే లేదు.

పాలకొల్లు: మాస్టారూ, ఒక మాట కలుపుతాను. అసలు నష్టం 6కీ 7కీ మధ్య పెట్టిన చుక్కతో జరిగింది. తెలుగులో “మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి” అనేది వేరే ఆజ్ఞలా వినిపిస్తుంది. మూలభాష గ్రీకులో అది అసమాపక క్రియ, ‘వేసి’ అన్నట్టు. అంటే చింతను ఆయన మీద వేయడమే దీనమనస్సు పని చేసే తీరు. దాళ్వాకి (రెండో పంటకి) నీళ్లొస్తాయా, పిల్లాడికి ర్యాంకొస్తుందా అన్న బరువంతా నేనే మోస్తాననడం ఇక్కడ గర్వం కింద లెక్క. మన ప్రసంగాల్లో దీనత్వానికొక ఆదివారం, చింతకొక ఆదివారం కేటాయించి దీన్ని రెండు ముక్కలు చేస్తారు.

ఆ గ్రీకు క్రియ కొత్త నిబంధనలో ఇంకొక్క చోటే ఉంది: లూకా 19:35, గాడిదపిల్ల మీద బట్టలు వేయడం. కీర్తన 55:22 గ్రీకు అనువాదంలోనూ అదే మాట. అక్కడ మన బైబిలు “నీ భారము యెహోవామీద మోపుము” అంది. గడ్డిమోపు ఎత్తేవాళ్లకి ‘వేయుడి’ కన్నా ‘మోపుము’ బాగా తగులుతుంది.

నరసాపురం: మరి అదే వచనంలో “ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు” అంటే? దేవుడికీ చింతేనా?

పాలకొల్లు: కాదండి. గ్రీకులో రెండూ వేర్వేరు మాటలు. మనం వేసేది ఆందోళన, ఆయన చేసేది పట్టించుకోవడం. చదివేటప్పుడు రెండోదాన్ని ‘శ్రద్ధ తీసుకుంటున్నాడు’ అని విడమరచండి, చాలు.

అమలాపురం: ఇంకో జాగ్రత్త. ఈ వచనాన్ని కూలివాళ్లకీ ఆడవాళ్లకీ మాత్రమే వినిపించే అలవాటు మన దగ్గర ఉంది. 5:3 ముందు సంఘ పెద్దల్నే పట్టుకుంది: “ప్రభువులైనట్టుండక.” 5:5లోనేమో “మీరందరు ఎదుటివానియెడల దీనమనస్సు అను వస్త్రము ధరించుకొని మిమ్మును అలంకరించుకొనుడి” అని ఉంది. అక్కడ ‘ధరించుకొని’ అన్న చోట గ్రీకు మాటకి పనివాడు నడుముకి గుడ్డ ముడి వేసుకోవడం అనే ఛాయ ఉంది. యోహాను 13:4లో యేసు తువాలు కట్టుకున్నది గుర్తొస్తుంది. ‘అలంకరించుకొనుడి’ అనేసరికి ఆ తువాలు కాస్తా జరీ కండువా అయి కూర్చుంది!

నరసాపురం: అయితే గుమ్మం మీద ఏం రాయించమంటారు?

అమలాపురం: 6, 7 రెండూ పూర్తిగా రాయించండి. చోటు చాలకపోతే 7 ఒక్కటే. 6లో సగం మాత్రం వద్దు.