అంబాసిడర్ ముందు ఎడమ చక్రం బ్రేకు పట్టేసి వదలడం లేదు

ప్రశ్న:
మా నాన్నగారి 1986 మోడల్ అంబాసిడర్‌ను రాజమండ్రిలో ఇంటి దగ్గరే బాగుచేసుకుంటున్నాను. ఏడెనిమిది కిలోమీటర్లు నడిపేసరికి బండి ఎడమ పక్కకు లాగుతోంది, ముందు ఎడమ డ్రమ్ము (చక్రంతో పాటు తిరిగే బ్రేకు గిన్నె) చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతోంది. అరగంట ఆగితే చక్రం మామూలుగానే తిరుగుతోంది. వీల్ సిలిండర్లు, అవి తోస్తే డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే షూలు కొత్తవి వేసినా ఫలితం లేదు. ఇప్పుడు, పెడల్ తొక్కినప్పుడు చక్రాలకు బ్రేకు ఆయిల్ పంపే మాస్టర్ సిలిండర్ మార్చమని మెకానిక్ గారు అంటున్నారు. డబ్బు పెట్టే ముందు తేల్చుకునే దారి ఉందా?

జవాబు 1:
మాస్టర్ సిలిండర్ దోషమైతే సాధారణంగా చక్రాలన్నీ పట్టేస్తాయి కనుక దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. బ్రేకు పట్టేసి ఉన్నప్పుడే వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండు మీద నిలిపి, ఆ చక్రం దగ్గర ఆయిల్, గాలి బయటికి వదిలే బ్లీడర్ నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయండి. బ్రేకు ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే తేలిగ్గా తిరిగితే ఒత్తిడి లోపల చిక్కుకుందన్నమాట. తిరగకపోతే షూలను, వాటి స్ప్రింగులను చూడాలి. మరోసారి పట్టేసినప్పుడు నిపుల్‌ను ముట్టుకోకుండా, ఆ చక్రానికి ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్‌కు (గొట్టానికి) పై వైపున్న ఇనుప పైపు నట్టును వదులు చేయండి. అప్పటికీ చక్రం బిగిసే ఉంటే దోషం హోస్‌దే. లోపలి రబ్బరు ఉబ్బి దారి ఇరుకైతే, కాలి బలానికి ఆయిల్ ముందుకు పోతుంది కానీ, దాన్ని వెనక్కి నెట్టేంత బలం షూ స్ప్రింగులకు ఉండదు.

జవాబు 2:
పై సలహా సరైనదే. బ్రేకు ఆయిల్ కూడా పూర్తిగా మార్చండి. డాట్ 3 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140 దాకా పడిపోవచ్చు. కాలుతున్న డ్రమ్ము పక్కన అది మరిగితే పెడల్ నేలకు తగులుతుంది. అది పెయింటు మీద పడితే రంగు లేచిపోతుంది. షూల మీది పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండవచ్చు, అందుచేత డ్రమ్ములోని దుమ్మును ఊదకుండా తడిగుడ్డతో తుడవండి.

ప్రశ్న అడిగినవారు:
నిపుల్ వదలగానే చక్రం తిరిగింది, పై నట్టు వదిలినప్పుడు కదలలేదు. తీసిన హోస్‌ను నిలువునా కోసి చూస్తే, బయట ఒక్క పగులు లేకపోయినా, లోపల సైకిల్ పుల్ల దూరేంత సందు కూడా లేదు. ముందు హోస్‌లు రెండూ మార్చి, వెనుక ఎడమ చక్రంతో మొదలుపెట్టి బ్రేకు పైపుల్లోని గాలి తీశాను. నిన్న కొవ్వూరు వెళ్లి వచ్చాక చూస్తే రెండు డ్రమ్ములూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి.