తోట షెడ్డుకు సోలార్: 60 వేలలో అవుతుందా?

ప్రశ్న (తోతాపురి రైతు, చిత్తూరు జిల్లా):
అందరికీ నమస్కారం. మా తోటలో బోరుకు వ్యవసాయ కనెక్షన్ ఉంది. పగలు 9 గంటలు కరెంటు ఇస్తారు, రాత్రి చీకటే. కాపలాకు మా నాన్న, ఇంకొకాయన షెడ్డులో పడుకుంటారు. అడవి పందుల బెడద ఒకటి, కాపు మీద ఉన్నప్పుడు దొంగల టెన్షన్ ఇంకొకటి. నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక కెమెరా, ఫోన్ల ఛార్జింగ్. అంతే కావాలి. టౌన్లో ఒక షాపులో అడిగితే 540 వాట్ల ప్యానెళ్లు రెండు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ, అంటే లెడ్ యాసిడ్‌ది, ఒకటి, ప్యానెల్ నుంచి బ్యాటరీకి ఛార్జింగ్ నడిపే 30 ఆంపియర్ల పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్, ఇన్వర్టర్, బిగింపు కలిపి 64 వేలు అన్నారు. నేనే బిగించుకుంటే 60 లోపు తేగలనా? సబ్సిడీ ఉందా?

ఇన్వర్టర్ మెకానిక్:
ముందు సబ్సిడీ సంగతి. కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం కింద గరిష్ఠంగా ఇచ్చే 78 వేలు ఇంటి కప్పు మీద పెట్టి కరెంటు లైనుకు కలిపే సోలార్‌కు. మీలా బ్యాటరీ మీదే నడిపేదానికి రాదు. ఎవరైనా ఇప్పిస్తామంటే నమ్మకండి.

ఇక ఆ కొటేషన్. చెరువంత నీళ్లున్నా చెంబు పట్టుకుని వెళ్లినట్టుంది. మన ఎండకు 1,080 వాట్ల ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇవ్వగలవు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో పట్టేది, రెండూ గుణిస్తే, 1,800 వాట్ అవర్లు, అంటే 1.8 యూనిట్లు. ట్యూబులర్‌ను సగానికి మించి దించితే త్వరగా చస్తుంది కాబట్టి వాడుకోగలిగేది 0.9. మీ రెండు ఫ్యాన్లు మామూలువైతే ఒక్కోటి 75 వాట్లు. ఇన్వర్టర్ తినేది కూడా కలుపుకుంటే రాత్రి 9కి వేసిన ఫ్యాన్లు 2 గంటలకల్లా ఆగిపోతాయి. దోమల్లో మీ నాన్నగారు లేచి మిమ్మల్నే తిడతారు.

అంతకంటే పెద్ద తిరకాసు ఆ కంట్రోలర్‌లో ఉంది. 540 వాట్ల ప్యానెల్ పనిచేసేది దాదాపు 41 వోల్టుల దగ్గర, 13 ఆంపియర్లతో. పీడబ్ల్యూఎం కంట్రోలర్ ఆ 41ని బ్యాటరీ వోల్టేజికి లాగేస్తుంది, ఆంపియర్లు మాత్రం పెరగవు. 13 ఆంపియర్లు, 13 వోల్టులు, అంటే 170 వాట్లు. రెండు ప్యానెళ్లకు కలిపి 340. మిగతా 740 వాట్లకు మీరు డబ్బు కట్టి గాలికి వదిలేస్తారు. 26 ఆంపియర్లే వస్తాయి కాబట్టి 30 ఆంపియర్ల కంట్రోలర్ సరిపోయినట్టే కనిపిస్తుంది. షాపువాళ్లది మోసమో, తెలియకపోవడమో నేను చెప్పలేను. పైగా ఎండలో దేనికీ కలపకుండా ఉన్నప్పుడు ఆ ప్యానెల్ 49 వోల్టుల దాకా చూపిస్తుంది. కంట్రోలర్ ప్యానెల్ వైపు ఎంత తట్టుకుంటుందో వెనక చదవకుండా కలిపితే పొగే.

తోతాపురి రైతు:
అన్నా, నేను ప్యానెళ్లు ఎక్కువుంటే మంచిదనుకున్నా. మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇన్వర్టర్ మెకానిక్:
ఫ్యాన్ల దగ్గర మొదలుపెట్టు తమ్ముడూ. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు (తక్కువ కరెంటు తినే మోటారు ఉన్నవి), అదీ నేరుగా 12 వోల్టుల డీసీ మీద తిరిగేవి తీసుకో. రెండు ఫ్యాన్లు 10 గంటలు తిరిగితే మామూలువి 1,500 వాట్ అవర్లు తింటాయి, ఇవి 600. మిగిలిన 900 అంటే లెక్క చూడు, సరిగ్గా ఒక 150 ఏహెచ్ ట్యూబులర్‌లో వాడుకోగలిగేంత. ఫ్యాన్లకు పెట్టే 6 వేలు 16 వేల బ్యాటరీని తప్పిస్తున్నాయి.

రాత్రి లెక్క: షెడ్డులో 9 వాట్ల బల్బులు మూడు 5 గంటలకు 135, బయట బల్బు తెల్లార్లూ 108, ఫ్యాన్లు 600, కెమెరా 140 దాకా. వెయ్యి లోపే. 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,280 ఉంటాయి, 90 శాతం వాడినా 1,150. ఒక రాత్రికి సరిపోతుంది. ప్యానెల్ ఒక్కటి చాలు, కంట్రోలర్ మాత్రం ఎంపీపీటీ (ప్యానెల్ ఎక్కువ వోల్టులను వృథా చేయకుండా ఆంపియర్లుగా మార్చే రకం), 40 ఆంపియర్లు, ప్యానెల్ వైపు 100 వోల్టులు తట్టుకునేది. 1,200 రూపాయలకు దొరికే "ఎంపీపీటీ"ని చేతిలో పట్టుకుని చూడు, తేలిగ్గా ఉంటే అది పేరు మార్చుకున్న పీడబ్ల్యూఎం.

ఈ మధ్య ఒకరికి పెట్టించిన ఖర్చు: ప్యానెల్ 14 వేలు, కంట్రోలర్ 7, బ్యాటరీ 24, ఫ్యాన్లు 6, స్టాండు రెండున్నర, వైర్లు, ఫ్యూజులు, ఎర్తింగ్ కలిపి 5. మొత్తం 58,500. మీ దగ్గర వెయ్యో రెండు వేలో అటూ ఇటూ ఉంటుంది.

బెంగళూరు ఉద్యోగి (ఊళ్లో ఫామ్‌హౌస్ ఉంది):
వైర్లు, ఫ్యూజుల దగ్గర మాత్రం పీనాసితనం వద్దండి. నేను ఇంట్లో మిగిలిన మామూలు ఏసీ ఎంసీబీని (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి) ప్యానెల్ లైనులో పెట్టాను. ఒక మధ్యాహ్నం ఆఫ్ చేస్తే లోపల చిటచిటమని ఆగకుండా శబ్దం, తర్వాత ప్లాస్టిక్ కాలిన వాసన. విప్పి చూస్తే లోపలి రాగి పలక చివర పూసలా కరిగి ఉంది. ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పురవ్వ దానంతటదే ఆరుతుంది. డీసీకి ఆ సున్నా లేదు. డీసీ అని రాసి ఉన్న ఎంసీబీయే కొనండి. బ్యాటరీ ప్లస్ దగ్గర, జానెడు దూరంలోనే, ఫ్యూజు ఉండాలి.

తోతాపురి రైతు:
ఇన్వర్టర్ అసలు వద్దా? అమ్మ వచ్చినప్పుడు మిక్సీ అడుగుతుంది.

ఇన్వర్టర్ మెకానిక్:
చిన్నది తర్వాత కొనుక్కో, పని ఉన్నప్పుడే ఆన్ చెయ్యి. ఖాళీగా 12 వాట్లు తాగే ఇన్వర్టర్‌ను రోజంతా వదిలేస్తే 288 వాట్ అవర్లు, నీ బల్బులన్నిటి కంటే ఎక్కువ. మిక్సీ 500 వాట్లయితే 12 వోల్టుల వైపు 45 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, మీటరులోపు పొడవు. ఫ్యాన్ వైరుతో కలిపావా, వైరు మీద చేయి పెట్టలేవు.

తోతాపురి రైతు:
ముసురు పడితే?

ఇన్వర్టర్ మెకానిక్:
నవంబరులో మీ వైపు రెండు మూడు రోజులు పడుతుంది కదా. అప్పుడు నాలుగో వంతు కూడా రాకపోవచ్చు. బయట బల్బు, కెమెరా మాత్రమే ఉంచి ఫ్యాన్లు ఆపేయండి. ఎలాగూ చలిగానే ఉంటుంది. రెండో బ్యాటరీ కోసం ఇప్పుడే 24 వేలు పెట్టకు. ఒక వానాకాలం చూశాక ఆలోచిద్దాం.

బెంగళూరు ఉద్యోగి:
కెమెరాను నేరుగా బ్యాటరీకి కలపకండి. ఛార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీ 14.4 దాకా వెళ్తుంది. మధ్యలో 12 వోల్టుల కన్వర్టర్ పెట్టండి, మూడు నాలుగు వందలు అవుతుంది.

తోతాపురి రైతు:
ప్యానెల్, కంట్రోలర్ వచ్చేశాయి. కంట్రోలర్ చేతికి బరువుగానే ఉంది. ఆదివారం బిగిస్తున్నా.

ఇన్వర్టర్ మెకానిక్:
దక్షిణం ముఖంగా, 15 డిగ్రీల వాలు. చింత చెట్టు నీడ మధ్యాహ్నం 3కి ఎక్కడ పడుతుందో ముందు రోజే చూసుకో. కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ కలుపు, ఆ తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్ తియ్యి. వైర్లు పైపులో వెయ్యి, మామిడి తోటలో ఎలుకలకు కొదవుండదు.