కయాక్‌ని ఏటిగట్టు దాటించే బండి: ఇసుకలో కూరుకుపోతోంది

మాది యానాం దగ్గర. గౌతమి రేవు ఇంటికి అర కిలోమీటరే, కానీ కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) వల, గేలాలతో కలిపి 40 కిలోలు పైనే. పీవీసీ పైపులతో బండి చేసి, మా పిల్లాడి పాత సైకిల్ చక్రాలు బిగించాను. గట్టు మీద హాయిగా వచ్చింది. ఇసుకలోకి దిగగానే చక్రాలు సగం దాకా కూరుకుపోయాయి, ఎల్బో (మలుపు జాయింటు) దగ్గర పైపు పుటుక్కున విరిగింది. పండుగప్ప చేప మాట దేవుడెరుగు, నడుం పట్టేసింది! ఏం మార్చాలి?

జవాబు 1: సన్న చక్రం ఇసుకలో కత్తిలా దిగుతుందండీ. వెడల్పు గాలి టైర్లు వేసి, గాలి కాస్త తగ్గించండి. ఇరుసుకి పీవీసీ పనికిరాదు. పైపులో ఇనప రాడ్ దూర్చండి.

జవాబు 2: బండిని కయాక్ మధ్యకి కొంచెం వెనగ్గా పెట్టండి, ముక్కు పట్టుకు లాగితే చేతికి బరువు తెలియదు. తాడు జారుతుంది, బకిల్ పట్టీ వాడండి. పైపులకి పాత సైకిల్ ట్యూబు చుడితే కయాక్ అడుగు గీసుకోదు.

అడిగినవాణ్ణే: టైర్లు మార్చాను, నిన్న ఒక్కణ్ణే లాక్కెళ్లాను. ఉప్పునీటికి రాడ్ అప్పుడే ఎర్రబడింది. గ్రీజు రాస్తే సరిపోతుందా, స్టీల్ రాడ్ కొనాలా?

జవాబు 1: స్టెయిన్‌లెస్ కొనేయండి. ఈలోగా వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగండి.