హెల్లర్‌ని దమ్మిడీ అనొచ్చా?

ప్రశ్న: 18వ శతాబ్దపు జర్మనీలో బిషప్పులే పాలించిన రాజ్యాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అక్కడి రాగి నాణేలు హెల్లర్, ఫెన్నిగ్. ‘హెల్లర్, ఫెన్నిగ్ దాకా చెల్లించాడు’ అని ఒక నుడికారం తగిలింది. దమ్మిడీ అనేస్తే సరిపోతుందా?

జవాబు: నుడికారానికి మనకు రెడీగా ఉంది కదండీ, ‘అణాపైసలతో సహా చెల్లించాడు’. నాణెం పేరుగా వచ్చినచోట మాత్రం హెల్లర్ అనే ఉంచండి. హాల్ అనే ఊళ్లో కొట్టిన వెండి ఫెన్నిగ్‌కి ఆ ఊరి మీదుగా వచ్చిన పేరది. వెండి పాలు తగ్గుతూ తగ్గుతూ చివరికి రాగి నాణెం అయింది. దమ్మిడీ అంటే పాఠకుడి బుర్ర నేరుగా కంపెనీ కాలానికి పోతుంది.

పైగా ఆ నాణేల్లో ఊరూరికీ తేడా. మ్యూన్‌స్టర్‌లో బిషప్పుతో పాటు కెతీడ్రల్ మతాధికారుల సభ కూడా సొంతంగా రాగి నాణేలు వేసేది. వాటి మీద కత్తి పట్టుకున్న అపొస్తలుడైన పౌలు, రోమన్ అంకెల్లో విలువ. మైన్‌త్స్ వాళ్ల గుర్తు చక్రం. క్లెమెన్స్ ఆగుస్ట్ 1761లో పోయేనాటికి కొలోన్, మ్యూన్‌స్టర్‌లతో కలిపి ఐదు చోట్ల ఆయనే బిషప్పు, అయినా నాణేలు ఎక్కడివక్కడే! ఇవన్నీ దమ్మిడీలైపోతే వ్యాసంలో ఇక మిగిలేదేముంది?

ఇంకొకరు: మరి ‘కాసు’? మత్తయి 5:26లో మనకు ‘కడపటి కాసు చెల్లించువరకు’ అని ఉంది. అదే చోట జర్మన్ బైబిల్లో లూథర్ రాసింది ‘చివరి హెల్లర్’ అని.

జవాబు: భలే పట్టారు. అక్కడ గ్రీకు మూలంలో ఉన్నది రోమన్ నాణెం. లూథర్ తన జనం చేతిలో ఆడే నాణెం పెట్టాడు, మనవాళ్లూ అదే చేశారు. సువార్త అందరికీ అర్థం కావాలి కాబట్టి అది సబబే. ఈ వ్యాసం నాణేల గురించే కాబట్టి ఇక్కడ ఆ పద్ధతి పనికిరాదు.

ప్రశ్న: ‘షైడెమ్యూన్‌త్స’ అని ఇంకో మాట ఉంది. షైడెన్ అంటే విడిపోవడమట.

జవాబు: బేరంలో లెక్క తేల్చి ఎవరి దారిన వాళ్లు పోవడానికి పనికొచ్చే నాణెమని చెబుతారు. మన ‘చిల్లర’ చక్కగా సరిపోతుంది. లోహం ఖరీదు కన్నా నాణెం విలువ ఎక్కువ, ఆ తేడా నాణెం వేసినవాళ్ల లాభం. ఆ సంగతి మాత్రం ఒక వాక్యంలో విడిగా చెప్పండి, ‘చిల్లర’లో అది పలకదు.